కండక్టరు గారి కుర్చీ

సోమవారం మధ్యాహ్నం పన్నెండింటికి కండక్టరు గారు వచ్చేసరికి ఆయన కుర్చీలో ఎవరో పడుకుని ఉన్నారు.

ఆ కుర్చీ నిజానికి ఆసుపత్రిది. డయాలసిస్ గది చివర, కిటికీ పక్కన, ఎనిమిదో మిషను ముందు ఉంటుంది. నాలుగేళ్ళుగా ప్రతి సోమ, గురువారాల్లో రెండో షిఫ్టులో ఆయన తప్ప మరొకరు అందులో కూర్చోలేదు కాబట్టి ఆయాతో సహా అందరూ దాన్ని కండక్టరు గారి కుర్చీ అనే అంటారు. రిటైరై ఏడేళ్ళవుతున్నా ఆయన చేతిసంచీని ఇంకా టికెట్ల సంచీలాగే భుజానికి అడ్డంగా వేసుకుంటారు. ఆ సంచీ మీద చెయ్యి వేసుకుని తలుపు దగ్గరే ఆగిపోయారు.

"ఏమ్మా, నా సీట్లో ఎవరది?"

మిషనమ్మ వెనక్కి తిరగలేదు. ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. పద్దెనిమిదేళ్ళుగా ఆ ఎనిమిది మిషన్లూ నడుపుతోంది గనక పేషెంట్లందరికీ ఆమె మిషనమ్మే. ఒక చెయ్యి పడుకున్న మనిషి భుజం మీద ఉంది, రెండో చేత్తో రక్తం గొట్టంలో చేరిన గాలిబుడగను వేలితో తడుతోంది. ఆక్సిజన్ మాస్కు కింద ఆ మనిషి గొంతు, అడుగున నాలుగు చుక్కలు మిగిలిన హుక్కాలా గురగురమంటోంది.

"గంటన్నర ఆగండి బాబాయ్. ఎమర్జెన్సీ. ఊపిరితిత్తుల నిండా నీళ్ళే."

"మిగతా ఏడింటి మీదా ఎవరు?"

"మీలాంటివాళ్ళే."

కండక్టరు గారు బెంచీ మీద కూర్చున్నారు. కుర్చీ కొసన వేలాడుతున్న కేసు షీటు ఆయనకి ఎదురుగానే ఉంది. దాని మీద ఎర్ర సిరాతో 'కార్డు లేదు' అని రాసి ఉంది. ఆయన దాన్ని చదివారు. చదివాక కాసేపటికి మళ్ళీ చదివారు.

ఆయన వంతు వచ్చేసరికి పావు తక్కువ రెండయింది. నాలుగింటికి మిషన్లకి శుద్ధి నీళ్ళిచ్చే ప్లాంటు కట్టేస్తారు. నాలుగు గంటల పని రెండు గంటల్లో ఎలా తెములుతుందో ఆయనకీ తెలుసు, ఆమెకీ తెలుసు. మిషనమ్మ ఆయన కుడి చేతి మీద రెండు వేళ్ళు ఆనించి చూసింది. చర్మం కింద, మిషను సూదుల కోసం ఆపరేషను చేసి పెంచిన నరం తుమ్మెదలా గుయ్యిమంటోంది. పైన ఒక సూది, కింద ఒక సూది వేసి ప్లాస్టరు అంటించింది. రక్తం ఎర్రగా గొట్టంలోకి పాకి మిషను చుట్టూ తిరిగి వెనక్కి వస్తుంటే, ఆయన ఎడమ చేత్తో సంచీలోంచి తెల్లకాగితం తీశారు.

"రాసిపెట్టమ్మా. నా కుడి చెయ్యి నీ దగ్గరే తాకట్టులో ఉంది."

పేషెంట్ల ఉత్తరాలు, దరఖాస్తులు రాసిపెట్టడం ఆమెకి అలవాటే. స్టూలు లాక్కుని కూర్చుంది.

"సూపరింటెండెంటు గారికి. అయ్యా. ముప్పై రెండేళ్ళు నా జీతంలోంచి నెలనెలా కోసిన డబ్బుతో నాకీ వైద్యం జరుగుతోంది. ఈ రోజు కార్డు లేని బయటి మనిషి కోసం నన్ను గంటా ముప్పావు బెంచీ మీద కూర్చోబెట్టి, నా వైద్యం సగానికి కోసేశారు. పోయిన నెల కూడా ఇలాగే... ఏం, ఆగావే?"

"బయటి మనిషి అని రాయాలా?"

"లోపలి మనిషైతే కార్డుండేది కదా."

ఏడో కుర్చీలోని దర్జీ ఆవిడ కళ్ళు తెరవకుండానే అంది. "అతనిది మాత్రం ప్రాణం కాదా బాబాయి గారూ?"

"కాదన్నానా? ప్రాణం ఎవరిదైనా ప్రాణమే. సీటు మాత్రం టికెట్టున్నోడిది. ఊరందరి సొమ్ముతో నడిచే బండిలో ఎక్కినోడల్లా ఊరికే కూర్చుంటే బండి ఎన్నాళ్ళు నడుస్తుంది? రాయమ్మా."

మిషనమ్మ రాసింది. అక్షరాలు ముత్యాల్లా రాసింది, చెయ్యి అలా అలవాటు పడిపోయింది. కింద ఆయన ఎడమ చేత్తో చేసిన సంతకం మాత్రం కోడి కెలికినట్టు వచ్చింది.

ఇంటికి వెళ్ళేటప్పుడు ఆయన కాళ్ళ వాపు తగ్గలేదు. చెప్పుల్లో కాళ్ళు దూర్చుకోవడానికి గోడ ఆసరా తీసుకున్నారు. మిషనమ్మ వంగి చెప్పు పట్టీ వదులు చేసింది.

"కోపం వచ్చిందా నా మీద?" అన్నారాయన మెల్లిగా.

"మీ మీద కోపమెందుకు బాబాయ్? గురువారం కాస్త ముందుగా రండి. ఓ అరగంట ఎక్కువ పెడతాను."

*

బుధవారం పొద్దున గది తలుపు మీద కొత్త కాగితం అంటించి ఉంది. జిగురు ఇంకా ఆరలేదు. కార్డు లేని రోగిని ఇకమీదట రక్తంలో పొటాషియం ఏడు దాటితేనే మిషను ఎక్కించాలట. ఇదివరకు డ్యూటీ డాక్టరు చూసి చెబితే సరిపోయేది. 'ఒక రోగి ఇచ్చిన ఫిర్యాదు మేరకు' అని మొదలైంది. ఆ ఫిర్యాదులో ప్రతి అక్షరమూ తనదే.

ఆమె ఆఫీసు గదికి వెళ్ళింది. సూపరింటెండెంటు గారు సంతకాలు పెడుతూనే, "దస్తూరీ మీదే కదూ? చాలా బాగుంటుంది," అన్నారు.

"ఏడు చాలా ఎక్కువండీ. ఆరున్నరకే గుండె లయ తప్పుతుంది. ఏడు దాటేదాకా ఆగమంటే..."

ఆయన పెన్ను పక్కన పెట్టారు. అలసిన మొహం.

"నేను దుర్మార్గుణ్ణి కానమ్మా. మిషన్లు ఎనిమిది. కార్డున్నవాళ్ళే నలభై ఆరుమంది. వాళ్ళకి నిధి నుంచి వస్తుంది. కార్డు లేనివాళ్ళకి ఎవరు కట్టాలి? మీరు చెప్పండి, వాళ్ళకే ఉత్తరం రాస్తాను. మీ దస్తూరీతోనే రాయిస్తాను."

ఆమె చేతులు కట్టుకుని ఒక నిమిషం నిలబడి బయటికొచ్చేసింది.

సోమవారం వచ్చిన మనిషి పై అంతస్తు వార్డులో ఉన్నాడు. మెడకి వేసిన ట్యూబుకి కట్టు మార్చాలి. నలభై ఏళ్ళుంటాయేమో, పలచటి మనిషి. విప్పిన చొక్కాని స్టూలు మీద ఇస్త్రీ దుకాణంలో మడిచినట్టు మడిచి పెట్టుకున్నాడు. ఆమెని చూడగానే లేవబోయాడు.

"పడుకో తమ్ముడూ. ఇప్పుడెలా ఉంది?"

"ఊపిరి బాగా ఆడుతోందక్కా." నవ్వాడు. "గాలి ఇంత ఊరికే వస్తుందని మర్చిపోయాను."

పాత కట్టు విప్పింది. కుడివైపు పాత మచ్చలు రెండు, ఎడమవైపు ఒకటి. ట్యూబు వేయడం, రెండుసార్లు మిషను ఎక్కించడం, తీసేయడం, ఇంటికి పంపించడం. మళ్ళీ నీళ్ళు నిండి ఊపిరాడక పడిపోతే మళ్ళీ ట్యూబు. కార్డున్నవాడికి వారానికి రెండుసార్లు జరిగేది ఇతనికి ప్రాణం గొంతులోకి వచ్చినప్పుడే జరుగుతుంది.

"ఇది నాలుగోసారి కదూ?"

"అయిదు. ఒకటి తొడకి వేశారు."

తలగడ సర్దుతుంటే ఆమె చేతికి ఒక కాగితం సంచీ తగిలింది. లోపల రెండు అరటిపళ్ళున్నాయి, నల్లబడిన తొక్కలు నాలుగైదున్నాయి. కిడ్నీ రోగికి అరటిపండు విషంతో సమానమని ఆ గదిలో గోడకి బొమ్మ వేసి మరీ పెట్టారు. అందులో పొటాషియం చాలా ఎక్కువ.

"ఇవేంటి?"

అతను దొంగతనం బయటపడ్డ పిల్లాడిలా చూశాడు. "పోయిన నెల వస్తే డ్యూటీ డాక్టరు, నంబరు ఇంకా అంత లేదు, తర్వాత రమ్మని పంపేశారక్కా. గేటు దగ్గర ఒకతను చెప్పాడు, ఇవి తింటే నంబరు పెరుగుతుందని."

"ఆదివారం ఎన్ని తిన్నావు?"

"తొమ్మిది."

ఆమె చేతిలోని ప్లాస్టరు ముక్క వేళ్ళకే అతుక్కుపోయింది. "గుండె ఆగిపోతుంది. తెలుసా నీకు?"

"తెలుసక్కా. ఆగేలోపు మీ దగ్గరికి చేరుస్తారు కదా అని."

ఆమె ఆ ముక్కని పీకి పారేసి ఇంకొకటి చింపింది. కట్టు అంచుల్ని మామూలు కంటే ఎక్కువసేపు అదిమింది. "ఇంకెప్పుడూ ఈ పని చెయ్యకు. నా మీద ఒట్టు."

"సరే అక్కా." నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు. "మరి, రావడం ఎలా?"

ఆమె ఆ సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. సాయంత్రం ఇంట్లో కూతురు అందులోంచి పండు తీయబోతే చేతిలోంచి లాక్కుంది. ఎందుకు లాక్కున్నావమ్మా అని ఆ పిల్ల అడుగుతుంటే సంచీని చెత్తబుట్టలో వేసేసింది.

*

గురువారం దర్జీ ఆవిడ జ్వరమని రాలేదు. ఏడో కుర్చీ ఖాళీ. మూడో కుర్చీ పేషెంటు కూడా ఆ రోజు రాలేదు. పై వార్డు మనిషికి రెండోసారి మిషను పెట్టాల్సిన రోజది, దాని తర్వాత ట్యూబు తీసి పంపించేస్తారు. మిషనమ్మ అతన్ని చక్రాల కుర్చీలో తీసుకొస్తూ మూడో కుర్చీ దగ్గర ఒక్క క్షణం ఆగి, ఏడు దగ్గరికి తోసింది.

కండక్టరు గారు హుషారుగా ఉన్నారు. "చూశావా, తలుపు మీద! రెండు రోజుల్లో పనైంది. అంతా నీ దస్తూరీ మహిమ." అంటూ పక్కకి చూసి, మెడ ట్యూబుని గుర్తుపట్టి, నవ్వు ఆపేశారు. అతను నమస్కారం పెట్టాడు. ఆయన తల కొద్దిగా ఊపి కిటికీ వైపు తిరిగారు.

మిషన్లు రెండూ గిర్రుమంటున్నాయి. గంట గడిచింది. కండక్టరు గారికి ఎవరితోనూ మాట్లాడకుండా గంట కూర్చోవడం మిషను ఎక్కడం కంటే కష్టం. ఆ పక్కన అతను ఖాళీ చేత్తో ఒంటి మీది దుప్పటిని మళ్ళీ మళ్ళీ సర్దుతున్నాడు.

"ఏంటయ్యా, దాన్ని అంతసేపు పీకుతున్నావు?"

"మడత తప్పుందండి. అంచులు లోపలికి రావాలి. కొత్తోడెవడో వేసినట్టున్నాడు."

"నీకేం తెలుసు?"

"ఈ ఆసుపత్రి దుప్పట్లు మా లాండ్రీకే వస్తాయండి. తెల్లారి మూడింటి నుంచి పదకొండు దాకా మా పని. మీరు కప్పుకున్నది నేను మడిచిందేలాగుంది."

కండక్టరు గారు తన దుప్పటి అంచు చూసుకున్నారు. గీత గీసినట్టుంది. అప్పుడు అతని చేతులు చూశారు. వేళ్ళ కణుపుల మీద వరసగా, వేడి రోలరు అంటించిన నల్లటి చారలు.

"అంటే పని చేసుకునే బతుకుతున్నావన్నమాట. మరి కార్డు తీసుకోలేదేం?"

"నాకివ్వరండి. ఇక్కడివాణ్ణని చూపే కాగితాల్లేవు."

"కాగితాల్లేకుండా వచ్చేస్తే ఎలాగయ్యా? మాకు ముప్పై రెండేళ్ళు కోశారు జీతంలోంచి. ఆ కోతతో నడుస్తోందీ గది. గాల్లోంచి రాలేదు." గొంతులో మొన్నటి కోపం లేదు, పాఠం చెబుతున్నట్టుంది.

"మాకూ కోస్తారండి," అన్నాడతను.

"ఏం కోస్తారు?"

"ఏదో నిధని. నెలనెలా. చొక్కా జేబులో జీతం చీటీ ఉంది."

మిషనమ్మ ఎదుటి పేషెంటు బీపీ చూస్తోంది. చూడటం ఆపి, కొక్కేనికున్న చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరులో దాచిన చీటీ తీసి కండక్టరు గారికిచ్చింది. కళ్ళద్దాలు కూడా సంచీలోంచి తీసి ఆయన ముక్కు మీద పెట్టింది. ఆయన ఎడమ చేత్తో చీటీని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు. అటూ ఇటూ తిప్పారు. తర్వాత బొటనవేలిని ఒక్కో గీత మీదుగా కిందికి జరుపుతూ, మూడో గీత దగ్గర ఆపారు.

"ఆరోగ్య నిధి," అని పైకి చదివారు. "ఎన్నేళ్ళుగా?"

"తొమ్మిదేళ్ళండి."

"ఈ ఖాతా నంబరెవరిది?"

"నాది కాదండి. లాండ్రీవాళ్ళే ఏదో వేస్తారు. అడగొద్దన్నారు."

కండక్టరు గారు చీటీని ఒళ్ళో పెట్టుకున్నారు.

"డబ్బులు తీసుకున్నారు," అన్నారు.

"తీసుకున్నారండి."

"టికెట్టు ఇవ్వలేదు."

అతనికి అర్థం కాక మిషనమ్మ వైపు చూశాడు.

"చెకింగువాళ్ళు బస్సెక్కితే ప్యాసింజర్ని అడిగేది ఒక్కటే ముక్క. డబ్బులిచ్చావా? ఇచ్చానంటే, ఆ మనిషిని ఇంకేమీ అనకూడదు. తీసుకుని టికెట్టు కొట్టనోడిదే తప్పు. నా సర్వీసులో అలాంటి కేసులో ప్యాసింజరు దిగడం నేను చూళ్ళేదు." ఆయన మళ్ళీ చీటీ వైపు చూశారు. "తొమ్మిదేళ్ళు! మొన్న నిన్ను దింపెయ్యమని అర్జీ పెట్టింది నేనేనయ్యా. ఈ అమ్మాయి రాసింది, చెప్పింది నేను."

అతను దుప్పటి అంచు లోపలికి మడిచి, "మీకూ కాళ్ళు వాచాయి కదండీ ఆ రోజు," అన్నాడు. "స్ట్రెచరు మీంచి చూశాను."

సూదులు తీసేటప్పుడు కండక్టరు గారు చీటీ తిరిగివ్వలేదు. "ఇది ఒక గంట నా దగ్గరుంచుకుంటాను."

అతను కంగారుగా లేవబోయాడు. "వద్దండి! లాండ్రీ పేరు బయటికొస్తే నన్నే కాదు, నాతోపాటు కాగితాల్లేని ఇంకో పదకొండుమందిని పంపేస్తారు."

"పేరు కనపడనివ్వను. ముప్పై రెండేళ్ళు జనం సొమ్ము చేతిలో పట్టుకు తిరిగినోణ్ణి. నమ్ము."

అతను మిషనమ్మని చూశాడు. ఆమె తల ఊపింది. అప్పుడు పడుకున్నాడు.

*

ఆఫీసు గదిలో కండక్టరు గారు కూర్చోలేదు. సూదులు తీసిన చోట దూది అదిమిపెట్టి కట్టు కట్టించుకుని, తల తిరుగుతున్నా బల్ల అంచు పట్టుకుని నిలబడ్డారు. పడిపోతారేమోనని మిషనమ్మ వెనకే నిలుచుంది. ఆయన చీటీని బల్ల మీద పెట్టారు కానీ చెయ్యి తీయలేదు. నాలుగు వేళ్ళూ పైనున్న పేరు మీద, బొటనవేలు కింది నంబరు మీద. మధ్యలో ఒక్క గీత మాత్రం కనిపిస్తోంది.

"ఈ కోత ఎక్కడికి పోతుందండీ?"

సూపరింటెండెంటు గారు వంగి చూశారు. "ఆరోగ్య నిధికి."

"నంబరు ఎవరిదీ కాదట. మరి ఎవరి ఖాతాలో పడుతుంది?"

"ఎవరి ఖాతాలోనూ పడదు. నిధిలో కలిసిపోతుంది."

"ఆ నిధిలోంచే కదా నా మిషనుకి కట్టేది?"

"అవును."

"అయితే నిన్న మీరు ఈ అమ్మాయినడిగారట కదా, ఇతనిలాంటోళ్ళకి ఎవరు కడతారని." కండక్టరు గారు గొంతు పెంచలేదు. "నాలుగేళ్ళుగా నాకు కడుతున్నోళ్ళలో ఇతనూ ఉన్నాడండి. ఆ ముక్క తెలీక రాయించాను. నా అర్జీ నాకిచ్చెయ్యండి."

"ఫైల్లో చేరిన కాగితం వెనక్కి రాదండీ. కలిపి నిధివాళ్ళకి పంపేశాం కూడా."

"మరి తలుపు మీదది?"

"అది పైవాళ్ళు ఒప్పుకున్న రూలు. తీసేసే అధికారం నాకు లేదు." ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆ చేతి కింద దాగిన పేరేమిటని అడగలేదు. ఎదుటి ఫైలు అనవసరంగా తెరిచి, అందులోకి చూస్తూ, మిషనమ్మతో అన్నారు. "ఆ పేషెంటుకి ట్యూబు తీసేశారా?"

"ఇంకా లేదండి. సాయంత్రం తీయాలి."

"రూలు కొత్తగా మిషను ఎక్కేవాళ్ళకి. ఒంట్లో ట్యూబుంటే వైద్యం నడుస్తున్నట్టే లెక్క. నడుస్తున్న వైద్యం ఆపమని ఏ కాగితంలోనూ లేదు." పేజీ తిప్పారు. "తీయమని నేనైతే రాయను."

మిషనమ్మకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒక అడుగు ముందుకు వేసింది. "మెడ ట్యూబు మూడు వారాలకి మించి ఉంచకూడదండి. ఆ తర్వాత?"

"ఈలోపు చేతి నరం ఆపరేషనుకి డాక్టరుగారు రాయొచ్చు. రాయకపోవచ్చు. నన్నడక్కండి. నేను మిమ్మల్నేమీ అడగడం లేదు." మళ్ళీ పేజీ తిప్పారు. "సీటెక్కడుంది కానీ?"

ఉన్నది ఒక్కటే ఖాళీ. సోమ, గురువారాల్లో ఏడు గంటల షిఫ్టు, మొదటి కుర్చీ. కానీ అతని పని పదకొండుకి గానీ అవదు. పని మానేస్తే ఆ చీటీ కూడా ఉండదు. మిషనమ్మ వేళ్ళు మడిచి లెక్కేస్తూ ఆగిపోయింది.

"ఏడింటికి నేనొస్తాను," అన్నారు కండక్టరు గారు. "నా కుర్చీ అతనికివ్వండి."

"బాబాయ్, ఏడింటికి ఇక్కడుండాలంటే మీరు అయిదున్నర బస్సు పట్టాలి. ఈ కాళ్ళతో..."

"బస్సెక్కడం నాకు నేర్పకమ్మాయ్."

*

సోమవారం ఆయన ఏడుకి అయిదు నిమిషాల ముందే వచ్చారు. ఆయనతో పిన్నిగారు కూడా వచ్చారు, చేతిలో ఫ్లాస్కు, మొహంలో పట్టలేనంత చిరాకు. "నాలుగింటికి లేచి కూర్చున్నారమ్మా, పెళ్ళికొడుకులా. ఇంటిల్లిపాదికీ నిద్ర లేదు. ఏం పుణ్యం ముంచుకొచ్చిందో నాకు చెప్పరు."

"చెబితే ఊరంతా చెబుతావు," అన్నారు కండక్టరు గారు కొత్త కుర్చీలో అటూ ఇటూ కదులుతూ. మొదటి కుర్చీ తలుపు పక్కనే ఉంటుంది. వచ్చేపోయేవాళ్ళ గాలంతా దాని మీదే. కిటికీ లేదు. నాలుగు గంటలూ పరుపు గట్టిదని, గోడ మీద తడి ఉందని సణుగుతూనే ఉన్నారు. తలుపు మీద ఆ కాగితం అలాగే ఉంది. ఆయన ఆ వైపు చూసినప్పుడల్లా సణుగుడు ఆగిపోయేది.

పదకొండున్నరకి లాండ్రీ తమ్ముడు వచ్చాడు. నడిచి వచ్చాడు. మెడ ట్యూబు కనపడకుండా పలచటి తువ్వాలు చుట్టుకున్నాడు. తన కాళ్ళ మీద ఆ గదిలోకి రావడం అతనికి ఇదే మొదలు. చెప్పులు ఎక్కడ విడవాలో, ఎవరికి చెప్పాలో తెలియక గుమ్మం బయటే నిలబడ్డాడు. ఊపిరి మామూలుగానే ఆడుతోంది. అందువల్లనే కాబోలు, రాకూడని చోటికి వచ్చినట్టు సిగ్గుపడుతున్నాడు.

"లోపలికి రా తమ్ముడూ," అంది మిషనమ్మ. "బరువు చూసుకో. ఆ చివరిదే నీది."

అతను కుర్చీ కొసన ఒదిగి కూర్చున్నాడు. కండక్టరు గారు చేతికి కట్టు వేయించుకుని, సంచీ తగిలించుకుని, పిన్నిగారి భుజం పట్టుకుని వెళ్ళిపోయారు. అతని వైపు చూడనైనా లేదు. మిషనమ్మకి మనసు చివుక్కుమంది.

నిమిషం తర్వాత చెప్పుల చప్పుడు వెనక్కి వచ్చింది. కండక్టరు గారు గది ఈ చివర్నుంచి ఆ చివరిదాకా మెల్లిగా నడిచి ఎనిమిదో కుర్చీ దగ్గర ఆగారు.

"అలా కూర్చుంటే నాలుగు గంటలకి నడుం విరుగుతుంది. ఇది ఊరికే వాలదు. దీనికో కిటుకుంది." వంగి కుర్చీ కింద చెయ్యి పెట్టారు. "ఈ మీట ముందు పైకి లాగాలి, తర్వాత నొక్కాలి. నాకు తెలియడానికి ఆరు నెలలు పట్టింది."

"బాబాయ్, ఆ చేత్తో బలం పెట్టకండి! కట్టు ఊడితే రక్తం ఆగదు!"

"ఉండవమ్మా."

కుర్చీ కిర్రుమని వెనక్కి వాలింది. లాండ్రీ తమ్ముడు ఉలిక్కిపడి రెండు చేతులతో అంచులు పట్టుకున్నాడు. తర్వాత ఒక్కో వేలూ వదిలాడు. తల వెనక్కి ఆనింది. కాళ్ళు చాపుకున్నాడు.

"బాగుందా?" అన్నారు కండక్టరు గారు.

"బాగుందండి."

"మూడింటప్పుడు ఎండ సూటిగా మొహం మీదకొస్తుంది. పరదా లాగించుకో. ఈ అమ్మాయి మర్చిపోతుంది," అని చెప్పి, కట్టు మీద అరచెయ్యి అదిమిపెట్టుకుని, బస్సు టైమైందంటూ పిలుస్తున్న పిన్నిగారి వైపు నడిచారు.